తీగని పలకరించడం

పలాసలో గాలి వెలిసింది.
కాశీబుగ్గ ఫీడరు ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి ఫోను.
నిచ్చెన నేనేశాను. తవిటయ్య ఎక్కనివ్వలేదు.

ఎదురుగా జీడిపప్పు ఫ్యాక్టరీ.
రేకుల మీద సోలార్ పలకలు,
కిటికీలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.
ఎండ ఎంతిస్తే మిషన్లు అంతే తాగుతున్నాయి,
సరికి సరి.
అందుకే దానికి తెలీలేదు
వెనక ఊరు తెగిపోయిందని.

ఇన్వర్టరు ఉండుండి లైనుని
మోచేత్తో పొడిచి చూస్తుందట:
కదలకపోతే వెనక లోకముంది.
కదిలితే తానొక్కత్తే,
రెండు సెకన్లలో ఊపిరి బిగబట్టాలి.

ఇది పొడిచిందో లేదో.

తవిటయ్య టెస్టరు కర్ర ఎత్తాడు.
కొసన ఎర్రగా వెలిగింది.
"సచ్చిపోనాదన్న తీగనే
ముందు పలకరించాల్రా బావూ"
అని, నిచ్చెన దించేసి
ఫ్యాక్టరీ గేటు కొట్టడానికెళ్లాడు.

నా అరచేతులు
అప్పుడు చెమర్చాయి.