ఎర్ర దారం

నవంబరు చలి బయూ నీళ్ల మీంచి లేచి
వంటింటి కిటికీకి ఆవిరి పూసింది.
తెయోఫిల్ పొడులు కొలుస్తున్నాడు
చెంచాతో కాదు, అరచేతి గుంటతో.
నాలుగు గుంటల పాప్రికా, ఒక గుంట ఉప్పు,
దంచిన మిరియాలు, నలిపిన థైమ్ ఆకు.

నిరుడు జ్వరం తగ్గింది గాని
ముక్కు మాత్రం తిరిగి రాలేదతనికి.
నాతో అనలేదు. నేనూ అడగలేదు.
క్రిస్మస్‌నాడు టర్కీకి దాల్చినచెక్క పట్టించినప్పుడు
తెలిసింది.
లఫయెట్ నుంచి వచ్చిన చుట్టాలు
నీళ్లు తాగుతూ, కొత్త రుచి అన్నారు.

వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి
ఒకే రంగు, ఒకే మెత్తన.
రాత్రి వెల్లుల్లి సీసా మెడకి
ఎర్ర దారం చుట్టి పెట్టాను.
ఇప్పుడతని వేలు ఆ దారం మీద ఆగింది.
నేను గిన్నెలు కడుగుతున్నాను,
కడిగినవే.
ఏమీ అనకుండా మూత తీశాడు.

కయెన్ కారం దగ్గర చెయ్యి తటపటాయించింది.
ఒక చిటికెడు. ఇంకో చిటికెడు. ఇంకోటి.
చాలనిపించగానే తుమ్మాను,
రావలసినదానికంటే కాస్త గట్టిగా.
చెయ్యి ఆగింది.

ఇక టర్కీకి నలుగు పెట్టాడు
చర్మం కింద, రెక్కల సందుల్లో, మొండి మెడ దాకా
ఎర్రబారిన వేళ్లతో.

పెరట్లో పీకాన్ కట్టె అంటుకుని
పొగ నీళ్ల వైపు పాకింది.
"వాసన పట్టిందా, ఒదీల్?" అన్నాడు
నా వైపు చూడకుండా.
"ఇంకా లేదు" అన్నాను
కుర్చీ అతని పక్కకి జరుపుకుంటూ,
"పట్టగానే చెప్తాను."