ఏడు శాతం

మోంగు రేవులో పడవెక్కే ముందు
బజారంతా తిరిగాను.
"ఇరవై వేలు" అంటూ కొట్టువాడు
నా అరచేతిలో ఒక ఇటుక పెట్టాడు.
దేంట్లో ఇరవై వేలని అడిగితే
తళతళలాడే స్టిక్కరు చూపించాడు.
ఎత్తి, ఊపి, చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఇసక నింపిన బ్యాటరీ కొన్న చరిత్ర ఉంది నాకు.

ఇది మంచిదే, కానీ ఫోన్ల వరకే.
ఐదు వోల్టులు నాలుక తడుపుతాయేమో,
నా ల్యాప్‌టాప్‌కి గొంతు దిగాలంటే ఇరవై కావాలి.

పోయినేడు కారు బ్యాటరీ మోశాం, ఇన్వర్టరు జత చేసి.
టికెట్టు లేని ప్రయాణికుడిలా
పడవలో ఒక మనిషి చోటు అదే కూర్చుంది.
ఇచ్చిన కరెంటులో కొంత తనే తినేసి
రోజంతా జుమ్మని మూలిగేది,
సాక్షులు గొంతు తగ్గించి చెప్పే చోట మరీను.
మేజిస్ట్రేట్ ముకెలబాయి గారు
దాన్ని రెండుసార్లు "సైలెన్స్" అని గద్దించారు.

ఇంకోసారి మడతపెట్టే సోలార్ పలక
పడవ కప్పు మీద పరిచాం.
ఫిబ్రవరి మబ్బు.
సాయంత్రానికి రెండు శాతం,
దాని మీద కొంగ రెట్ట.

చివరికి లెక్కల టీచరు నమసికు దగ్గర
అద్దెకు తెచ్చాను:
నల్లగా, మందంగా, టైప్-సి నోటిది.
"నీ ల్యాప్‌టాప్‌ని ఒకటిన్నర సార్లు నింపుతుంది" అంది.
ఆ అర కోసమే అంత అద్దె.

వరద నీటి మీద మూడు రోజులు.
రెల్లు మధ్య దారి ములియోకెలా తెడ్డుకే తెలుసు.
దిబ్బ దిబ్బకీ ఒక కోర్టు, ఒక బల్ల,
నా వేళ్ళ కింద ఒకరి గోడు.
వల చించిన కేసు, పెళ్ళి చాపల కేసు,
పొలం గట్టు నీళ్ళ కింద ఉండగానే
గట్టు కోసం కేసు.

మూడో రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఏడు శాతం.
ఇటుకకి ఒకే లైటు, అదీ కొట్టుకుంటోంది.
అప్పుడొచ్చింది నాసిలెలె.
వరదకి మందలు కలిసిపోయాయట,
నీళ్ళు తగ్గేలోపే తన ఆవు
సిటుంబెకో ఆవైపోయిందట.
"ఫొటో ఉంది" అంటూ
ఫోన్ బల్ల మీద పెట్టింది.
మూడు వారాలుగా చచ్చి ఉన్న ఫోన్.

మేజిస్ట్రేట్ నన్ను చూశారు.
నేను వైరుని చూశాను.
చట్టంలో దీనికి సెక్షన్ లేదు.

ల్యాప్‌టాప్ నుంచి వైరు పీకాను.

పడుకున్న పిల్ల లేస్తుందేమోనని చూసినట్టు
రెండు చేతులా ఫోన్ పట్టుకుని కూర్చుంది.
నా తెర చీకటైంది.
సంచి అడుగు నుంచి నోట్‌బుక్ తీశాను, పెన్ను తీశాను.
నా చెయ్యి అక్షరాలు మర్చిపోయింది,
కొమ్ము దగ్గర ఆగింది, ఒత్తు దగ్గర ఆగింది.

వెలిగింది.
ఆవు ఎడమ చెవి, రెండు గాట్లు, సాక్ష్యం స్పష్టం.
ఆవు వెనక నవ్వుతూ ఒక మనిషి,
ఫ్రేములో సగమే పట్టాడు.
అతని గురించి కేసులో ఏమీ లేదు.

సిటుంబెకో చూసి తల తిప్పుకున్నాడు.
మేజిస్ట్రేట్ చూసి తల ఊపారు.
నాసిలెలె మాత్రం
ఆవు కోసం చూడాల్సినదానికన్నా
ఎక్కువసేపే చూసింది.
ఫోన్ వెనక్కి తీసుకోమని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.
ఇటుక లైటు ఆరిపోయేదాకా
ములియోకెలా కూడా పడవ సర్దలేదు.

ఊరెళ్ళాక టైపు చేశాను:
"ఫొటో పరిశీలించబడినది."
అంతసేపు చూడటానికి
ఫారంలో గడి లేదు.

ఇటుక తిరిగిస్తే నమసికు అడిగింది,
"ఒకటిన్నర వచ్చిందా?"
"వచ్చింది," అన్నాను.
"అర ఆవుకి పోయింది."
అద్దె మాత్రం పూర్తిగానే తీసుకుంది.