బల్లకి చోటు

మంచం కింద రేకు పెట్టె,
పెట్టె మీద సంచి, సంచి మీద ఇంకో సంచి.
పదో తరగతికి బల్ల కావాలంది మా హేమాంగి.
బుధవారం తెస్తానన్నాడు వడ్రంగి.
గదిలో అడుగు పెట్టే చోటు లేదు.
"నా చోట్లో నేనే అడ్డంగా ఉన్నానమ్మా,
తీసెయ్ నన్ను" అని నవ్విందా గుంట.

గుణుపురంలో మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు.
పెట్టె మూత ఎత్తితే కలరా ఉండల వాసన,
దాని వెనక సన్నగా పాల వాసన.
లేదులే, అది నేను ఊహించుకున్నది.

ముందు తేలికవి వచ్చాయి.
మడత దగ్గరే చిరిగిన రబ్బరు షీటు.
మూడు చక్రాల సైకిలు, రెండు చక్రాలతో.
వంశధార ఒడ్డున ఈ ఉక్కపోతలో
ఉన్ని టోపీ ఎవరికని?
కోరాపుట్ ఆడపడుచు అల్లి పంపిందని దాచాను,
ఒక్కనాడూ పిల్ల నెత్తిన పెట్టలేదు.

హేమాంగి మూడు కుప్పలు పెట్టింది:
ఇచ్చేవి, అమ్మేవి, పారేసేవి.
నా వెనక నాలుగోది పెరుగుతోంది.
చూసీ చూడనట్టు ఊరుకుంది.

అడుగున కీచు చెప్పులు.
నొక్కాను. కుయ్యిమనలేదు.
అప్పట్లో ఆ కూత వినబడకపోతే
పిండి చేతులతోనే పరిగెత్తేదాన్ని నూతి వైపు.
కూత ఉంటే పిల్ల ఉన్నట్టు.
ఇప్పుడు పిల్ల ఎదురుగా కూర్చుని
పళ్ళతో పురికొస తెంపుతోంది,
చెప్పులు మూగబోయాయి.

సంత రోజు కదా, కొండ దిగి
అల్లం గంపతో జమంతి వచ్చింది.
గౌన్లు ఒక్కొక్కటీ తిరగేసి
కుట్లు లాగి చూసింది, చంకలు చూసింది.
మొదటి పుట్టినరోజు గౌను పక్కన పెట్టేసింది:
"ఇదొద్దు. గుచ్చుకుంటాది."
ఎంత కోపమొచ్చిందో నాకు!
నిజమే, గుచ్చుకునేది.
ఫోటో తీసేదాకా ఏడుస్తూనే ఉంది నా కూతురు.
నాలుగు గౌన్లకి నాలుగు పసుపు కొమ్ములు
గడప మీద పెట్టి మరీ వెళ్ళింది జమంతి,
ఊరికే తీసుకునే మనిషి కాదు.

సాయంత్రం తక్కెడతో దిల్లిపొ.
బడి పుస్తకాలన్నీ ఒడియావి, ఎత్తుగా ఉన్నాయి.
వాటి మధ్య సన్నటి నోటుబుక్కు, అట్ట లేనిది.
దాన్నెందుకో లాగాను.

బడి ఒడియా. సాయంత్రం దీపం దగ్గర
తెలుగుకి నేనే మేష్టర్ని.
క దిద్దమంటే తలకట్టు తీసేసి
ఒడియా అక్షరానికున్న గుండ్రటి గొడుగు వేసేది.
"ఎండగా ఉందమ్మా దానికి" అనేది.
నేను చెరిపేదాన్ని. కాయితం చిరిగిన చోట
ఇప్పటికీ చిల్లు ఉంది.

ఢ దగ్గర జ్వరం వచ్చింది.
తర్వాత పరీక్షలు. తర్వాత
వాళ్ళ నాన్నకి రాత్రి డ్యూటీలు.
ణ కోసం గళ్ళు కొట్టి ఉంచాను,
అవి ఖాళీగానే ఉన్నాయి.
హేమాంగిలో హ ఉంది, మ ఉంది.
మేం అంతదూరం వెళ్ళనే లేదు.
పేరు పెట్టిన భాషలో
పేరు రాసుకోవడం రాదు నా పిల్లకి.
ఈ ముక్క పైకి అనలేదు.

"ఇది వంద గ్రాములుండదు ఒదినా,
ఉంచుకో" అన్నాడు దిల్లిపొ,
తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

బల్ల వచ్చింది. ఒక కాలు పొట్టి.
ఉన్ని టోపీ నాలుగు మడతలు వేసి
కాలి కింద తోసింది హేమాంగి.
కదలడం మానేసింది బల్ల.

నోటుబుక్కులో సగం తెల్ల కాయితాలే.
పారెయ్యబుద్ధి కాక పాల లెక్క మొదలెట్టాను,
ణ గళ్ళలోనే:
బుధవారం లీటరు.
గురువారం రాలేదు.

భుజం మీంచి వంగి చూసింది.
వేలు పెట్టి, "ఇదేటి?" అంది.
"ధ" అన్నాను. "బుధవారంలో ధ.
అక్కడిదాకా రాలేదింకా మనం."
"ఎండలోనే ఉంది పాపం" అంది.

పొయ్యి మీద పాలు పొంగిన వాసన.
ఈసారి నిజంగానే.