కాలిన మోటారు తీగ

ఏడు గింజలు.
కొరియర్ కవరు మీద నా పేరు తప్పు,
సైదులుకు బదులు సైదయ్య.
తడి ఇసుకల కలిపి, సంచిల ముడేసి
భిక్షపతి కూల్‌డ్రింకుల ఫ్రిజ్జుల పెట్టిచ్చిన
పెరుగు పాకెట్ల కింద, మూడు నెలలు.
చలికాలం వచ్చి పోయిందని
గింజను నమ్మియ్యాలె గద.
దేవరకొండల అంత చలి
కిరాయికి తెచ్చుకోవాల్సిందే.

"ఏం గింజలే ఇవి?"
"జపాన్ మేపుల్."
"తింటరా?"
"తినరు."
"మరెందుకు?"
ఫ్రిజ్జు తలుపు పడ్డది.

ఒక్కటే మొలిచింది.

నా పని మోటార్ల వైండింగు.
వెయ్యి ఫీట్లు దిగి, నీళ్లందక
ఉత్తగ తిరిగి తిరిగి కాలినవి
ముసలెద్దుల లెక్క వచ్చి నా గడప ముందర పండుకుంటయి.
కడుపు కోస్తే నల్లటి రాగి,
వార్నిష్ మాడిన కమురు వాసన.
ఆ తీగనే నిప్పుల కాల్చి మెత్తగ చేసి
మేపుల్ కొమ్మకు చుట్టిన
నలభై ఐదు డిగ్రీల వాలుల.
ఎండ కూడా ఆ రోజు
అంతే ఉండె.

నీళ్లే తిప్పలు.
మా బోరు నీళ్లు పోస్తే
బీడీ అంటుకున్నట్టు ఆకు అంచులు మాడినయి.
ఐదు వేళ్ల ఆకు,
ఐదు గోళ్లూ నల్లబడ్డయి.
మనుషుల బొక్కలనే వంచిన నీళ్లు,
ఆకెంత.
బస్టాండు కాడి ఏటీఎం వెనక
ఏసీ పైపు కింద బాటిల్ పెట్టుడు మొదలువెట్టిన.
బొట్టు. చానాసేపటికి ఇంకో బొట్టు.
వాచ్‌మెన్ మక్బూల్ కుర్చీల నుంచి నవ్విండు:
"పైసలైతే లేవు భాయ్,
నీళ్లన్న వస్తున్నయి, తీస్కపో."

ఆరేండ్లయింది. మూరెడు కూడ కాలే.
ఫోటోలల్ల మంట లెక్క ఎర్రగ ఉంటది.
నా దగ్గర ఎర్రబడ్డది ఒక్క ఆకు,
అదీ ఒక జనవరిల, తొడిమ కాడ,
పొద్దెక్కేసరికి మళ్లా అనుమానమే.

"పసిపోరన్ని కట్టేసినట్టుంది గదరా"
అన్నడు మా బావ ఇస్తారి, ఛాయ తాగుకుంట.
ఆయన మర్చిపోయిండు.
నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.
టార్చి ఏసి చూస్తే
తీగ రెండు దిక్కులా బెరడు ఉబ్బి ఉన్నది.
విప్పొద్దు, విప్పితే కొమ్మ ఇరుగుతది.
చుట్టుకొక్కసారి కోయాలె.
ఇరవై మూడు ముక్కలు,
బండ మీద పడ్డ సప్పుడు లెక్కపెట్టిన.
కొమ్మ ఉన్నకాడనే ఉన్నది,
విడిచిపెట్టిన సంగతి దానికింక తెల్వదు.

ఈదమ్మ మర్రిగూడ బస్సు దిగి వచ్చింది
కొడుకు మోటారు అయిందా అని.
నడుము కాడ మడతపడ్డ మనిషి,
నా మొకం చూడాలంటే
మెడ పక్కకు తిప్పి, ఒక్క కన్నుతోనే.
నా చెట్టును చూడాలంటే
బజార్ల ఎవరైనా గొంతుక్కూసోవాల్సిందే,
తాసీల్దారు ఆఫీసు గుమాస్తా కూడ
ప్యాంటు ఎగజిమ్ముకొని కూసున్నడు.
ఆమె ఊకనే నిలబడ్డది.
స్టూలు మీది చెట్టూ ఆమె కండ్లూ
ఒక్క మట్టంల ఉన్నయి.

చూసింది.
లోపల బల్ల మీద స్టార్టరు గుయ్యిమంటనే ఉన్నది, నేను బంద్ జేయలే.

"చిన్నది కాదు బిడ్డా ఇది," అన్నది,
"దూరంల ఉన్నది.
మా గట్టెక్కి చూస్తే అవుతల చెల్కలది
గిట్లనే అవుపడ్తది.
పోతే ఇద్దరు మనుషులకు నీడ ఉంటది దాని కింద."

నేను ఆరేండ్లు దాని మీదికెళ్లి చూసిన.

"మోటారు రేపు, అవ్వా" అన్న.
బాటిల్ల నీళ్లు సగం చెట్టుకు పోసిన.
మిగిలిన సగానికి ఆమె చెయ్యి చాపింది,
ఎత్తి పోసుకోరాదు గనక
మూత కాడ పెదవి పెట్టి తాగింది.

"సప్పగున్నయి" అన్నది.