మాఫీ

మా దిక్కు మాఫీ అంటే అప్పు తీరుడు.
బ్యాంకు గోడకు పేర్లు అంటించిన నాడు
మా అమ్మ తన పేరు రెండుసార్లు చదివించుకుంది.
షార్జాల మాఫీ అంటే లేదు.
ఫులూస్ మాఫీ. ఛుట్టీ మాఫీ. పాస్‌పోర్టు మాఫీ.
మొదటిసారి విన్ననాడు
ఎవరో నా బాకీ కొట్టేసిండ్రనుకొని నవ్విన.

క్యాంపున్న జాగ పేరు సజా.
ఆ పేరు మా ఉర్దూల ఏమైతదో
ఇక్కడ ఎవ్వరికీ చెప్పలే.

పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీల కట్ట.
ఈ కొసకు నేను, ఆ కొసకు క్వబేనా,
నడుమ టేక్ బహదూర్ భుజం.
ఇనుముకు తెలిసిన బరువు ఒక్కటే.
జీతం కాగితంల మాత్రం
నా భుజం తొమ్మిది వందలు,
టేక్‌ది ఎనిమిది,
నల్లోడని క్వబేనాది ఏడు వందల యాభై.
తెల్ల ఇంజనీరు అంకె మా కాగితంలనే ఉండదు.
నూటయాభై ఎక్కువున్నదని తెలిసిన రాత్రి
నేను హాయిగ పండుకున్న.
దాన్ని దాచను.

గేటు కాడ వాచ్‌మన్ సాలెహ్ తాత, ఏడెన్ మనిషి.
నేను సాలోళ్ళ పిల్లగాన్నని చెప్తే
నీ కులం నా పేరు పెట్టుకుందా అని
దగ్గొచ్చేదాంక నవ్విండు.
రేకు డబ్బాల నుంచి ఒక కార్డు తీసిండు.
నీలి ముక్కోణంల ఎర్ర చుక్క.
ఆ దేశం ఇప్పుడు లేదు.
"రేవుల మూటలు మోసేటోన్ని
కామ్రేడ్ అని పిలిచింది బిడ్డా.
మా అక్కకు అక్షరాలు నేర్పింది."
మరి ఏమైంది తాతా?
టీ గ్లాసు చాలాసేపు తిప్పిండు.
"ఒక జనవరిల ఇదే కార్డు తిరగేసి,
ఏ జిల్లావోడివని అడిగి కాల్చుకున్నరు.
చుక్క ఒక్కటే. ఊర్లే వేరైనయి."
కార్డును మళ్ళ గుడ్డల చుట్టిండు,
పారెయ్యలే.

నాలుగు నెలల జీతం రాలే.
ఐదో నెల, తెల్లారుజాము నాలుగింటికి
బస్సు ఇంజను మోగుతనే ఉంది.
ముందుగ ఇసుకల కూసున్నది క్వబేనా.
టేక్ కూసున్నడు. బంగ్లా మొఫిజుల్ చెప్పులిప్పి మరీ కూసున్నడు.
ఫోర్‌మన్ లెక్కల మొనగాడు.
"హిందీలకు ఇయ్యాలనే పైసలు, ఎక్కుండ్రి" అన్నడు.
అబద్ధమెందుకు,
నా కాలొకటి బస్సు మెట్టు మీదనే ఉండె.
తొమ్మిది వందలు, ఏడు వందల యాభై.
ఆ నడుమనున్న నూటయాభై
నన్ను లోపలికి గుంజుతున్నదని తెలిసింది.
కాలు దించిన.
ఎందుకెక్కవని ఫోర్‌మన్ అరిచిండు.
నాకొచ్చిన అరబ్బీల ఒక్క మాటే దొరికింది.
మాఫీ.

పదకొండు రోజులకు రెండు నెలలవి ఇచ్చిండ్రు.
క్వబేనాను పంపించేసిండ్రు.
కుమాసి నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తడు,
మా ఇద్దరికీ కలిసే భాష లేదు.
మాఫీ అంటడు. మాఫీ అంట.
ఏ అర్థంలనో ఇద్దరం అడుగం.

మొన్న అతని కొసకు
ఒక యుగాండా పిల్లగాడొచ్చిండు.
కడ్డీలెత్తుకుంట
నీ జీతమెంతని అడిగిండు.
అడుగొద్దని కంపెనీ రూలు.
నిజం అంకె చెప్పిన.