సైగ

మెడ వెనక నలుపు ముందు అసిరమ్మ చూసింది.
జనపనార దుమ్మన్నాను.
మిల్లు మూసి నాలుగేళ్ళయింది, ఇంకా ఏటి దుమ్మంది.
బీరపీచుతో రుద్దింది, సున్నిపిండితో రుద్దింది,
ఒక ఆదివారం కోపమొచ్చి
ఇత్తడి చెంబులు తోమే చింతపండుతో కూడా రుద్దీసింది.
తోలు మండింది గానీ
నలుపు మడతల్లో మఖమల్ గుడ్డలా అలాగే కూర్చుంది.

విజయనగరం ఆస్పత్రిలో డాక్టరమ్మ
మెడ చూసి, టేపు తీసి నడుం కొలిచింది.
"ఇది మురికి కాదు గురువులూ" అంది.
పరగడుపున షుగరు నూట పన్నెండు.
ఇంకా జబ్బు కాదట, గుమ్మం దాకా వచ్చిందట.
ఇన్సులిన్ లేక కాదట, ఉండీ పనికిరాకట.
"ప్రతి కణానికీ ఒక తలుపు, ఇన్సులిన్ దాని తాళంచెవి..."
తాళం మాట ఎత్తకండమ్మా, అన్నాను.
మిల్లు గేటు తాళం ముందు
పదకొండు నెలలు టెంటేసుకు కూర్చున్నవాణ్ణి.
ఆవిడ నవ్వలేదు. కాసేపాగి
"పోనీ, పిలుపు అనుకోండి.
పిలిచేవాడు పిలుస్తూనే ఉన్నాడు,
వినేవాళ్ళకి చెవుడు పట్టింది" అంది.

అది నాకు అర్థమైంది.

నెల్లిమర్లలో మగ్గాల షెడ్డు, ఇరవై రెండేళ్ళు.
మొదటి రోజు ఆ మోతకి కళ్ళంట నీళ్ళొచ్చాయి.
ఏడాదికి అలవాటైంది. పదేళ్ళకి వినపడ్డం మానేసింది.
మేస్త్రీ ముందు పిలిచేవాడు, తరవాత అరిచేవాడు,
ఆఖరికి నరాలుబ్బేలా కేకలేసి
గొంతు పోగొట్టుకుని మిరియాల పాలు తాగుతూ తిరిగేవాడు.
లోపల నా క్లోమం అలా అరుస్తోందన్నమాట.
ఎన్నాళ్ళు అరుస్తుంది?

ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను.
మగ్గం దగ్గర ఎనిమిది గంటలూ నిలబడ్డ కాళ్ళు
ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో మడిచిపెట్టున్నాయి.
రాత్రికి ఆరు టీలు, టీకి రెండు చెంచాలు.
తెల్లారి ఇంటికెళ్ళి, మిల్లు రోజుల కొలతే,
గుట్టలా అన్నం, వెంటనే పడక.
చెయ్యని పనికి పుచ్చుకున్న కూలి.

అసిరమ్మ చోళ్ళు తెచ్చింది.
సాలూరు అవతలి మనిషి, వాళ్ళమ్మ కెలికిన తోప గుర్తుంది దానికి.
అన్నం సగం చేసి, ఆ ఖాళీలో
పెసలు, గోంగూర, ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టింది.
నిజం చెప్పాలంటే మొదటి వారం ఏడుపొచ్చింది.
సన్యాసప్పడి మనవరాలి బారసాలలో
నాలుగు బూరెలు తినీసి, ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ మాటల్లో ఒకటి మాత్రం
బిళ్ళ కంటే గట్టిగా పట్టుకుంది నన్ను:
కదిలే కండ పిలుపు కోసం చూడదట.
నడుస్తున్న కాలు
ఇన్సులిన్ కేక వినపడకపోయినా
తనకి కావల్సిన చక్కెర తనే తీసుకుంటుందట.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మోతలో
మేం చెవులతో మాట్లాడుకున్నదెప్పుడు?
పిడికిలి బిగిస్తే దారం తెగింది.
అరచెయ్యి బోర్లిస్తే మేస్త్రీ వస్తున్నాడు.
సన్యాసప్పడు షెడ్డు ఆ చివర్నుంచి
కనుబొమ్మలతో వాళ్ళింటి గొడవంతా చెప్పేవాడు.

అందుకే తిన్న వెంటనే పది నిమిషాలు,
రాత్రి డ్యూటీలో గంటకోసారి
ఏటీఎం కనపడేంత మేర, కోటగోడ వెంట నడుస్తాను.
బీటు కానిస్టేబులు ఆపి
"ఏటి గురువులూ, నిద్దర్లో నడుస్తన్నావా" అన్నాడు.
ఒంటితో సైగల్లో మాట్లాడుతున్నానంటే నమ్ముతాడా?
మోకాలి నొప్పన్నాను.

ఆరు నెలలు. నడుం రెండు వేళ్ళు తగ్గింది.
మూడు నెలల సగటు కాస్త దిగింది. కాస్తే.
నిన్న ఎండలో కూర్చోబెట్టి అసిరమ్మ
మెడ వంచి చూసింది, గోటితో గీసింది.
"పోలేదు" అంది.
తరవాత ఇంకేదో అంది,
ఎడమ చెవి వైపు, వినపడలేదు.
వీపు మీద రెండుసార్లు తట్టింది.

షెడ్డులో అలా తడితే
మగ్గం మళ్ళీ ఆడుతోందని.