ఏడో నంబరు చెలక

కోపెన్‌హేగన్‌లో చలి. చదివే గదిలోకి
పెన్సిలు తప్ప ఏదీ రానివ్వరు.
మా దీవి కాగితాలన్నీ ఎప్పుడో ఓడెక్కి ఇక్కడికొచ్చాయి,
మాకు రాని భాషలో, ముళ్లకంపలాంటి రాతలో.

కిర్‌స్టీన్ అనే ఆవిడ వేలు పెట్టి చదివి చెప్పింది:
ఆ రోజు ఒక కంచరగాడిద చచ్చింది.
దాని వయసు, వెల, రోగం, మూడు పంక్తులు.
కింద అర పంక్తి:
సబీనా, పదకొండేళ్లు, ఏడో నంబరు చెలకలో కలుపుతీత.
అంతే. సిరా అయిపోయిందో, ఓపికో.

మా ముత్తవ్వకు అమ్మ.
ఆ అర పంక్తిని దించుకున్నాను,
తప్పుపోతుందేమోనని రెండుసార్లు.

సెయింట్ క్రోయ్‌లో దిగేసరికి వాన వెలిసింది.
చెరుకు గానుగ గోపురం నిండా తీగలు.
ఎజ్రా మామయ్య పార ఆపలేదు.
అన్నీ చెప్పాను, గాడిద సంగతితో సహా.
పేరు రెండోసారి అడగలేదు.
"ఏ చెలకన్నావ్?"
"ఏడు."
చెమట తుడుచుకుని పడమటి వాలుకేసి చూశాడు.
"అక్కడ బెండ మొండిగా కాస్తుంది,
నీళ్లు పెట్టకపోయినా."

ఆ రాత్రి పులుసులో ఒక ముక్కని
నమలకుండా చాలాసేపు
నోట్లోనే ఉంచుకున్నాను.